వదిన వాచీ గీసిన దారి

దయ్యాలు లేవు. ఈ మాట నేను సభల్లో చెప్పాను, వ్యాసాల్లో రాశాను, పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీ మనిషితో పోట్లాడి మరీ చెప్పాను. గ్రహణం పట్టిన పూట చిక్కడపల్లి మార్కెట్ ముందు నిలబడి దారిన పోయేవాళ్లకు పులిహోర పంచిన వాళ్లలో నేనొకణ్ణి. ఇప్పుడుంటున్న ఇంట్లోకి రాహుకాలం వెతుక్కుని మరీ దిగాం. ఆ ఇంట్లో నేనూ, నా భార్య రుక్మిణీ ఇప్పటికీ హాయిగా ఉన్నాం.

కాబట్టి ఇది చదివి, చివరికి సుధాకర్ కూడా లొంగిపోయాడని సంబరపడేవాళ్లు ఉంటే, కాస్త ఆగండి. నేను లొంగలేదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పమని ఇన్నేళ్లుగా బాబాలనూ భక్తులనూ నిలదీసినవాణ్ణి. నా వంతు వచ్చినప్పుడు నోరు మూసుకుంటే ఆ నిలదీతకు విలువ లేదు. అందుకే రాస్తున్నాను.

ఇది ఒక వాచీ సంగతి. కొండలెక్కేవాళ్లు, అడవుల్లో తిరిగేవాళ్లు చేతికి పెట్టుకునే జీపీఎస్ వాచీ.

ముందు లింగమూర్తి అన్న గురించి చెప్పాలి. కరెంటు శాఖలో ఇంజనీరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వికారాబాద్ వైపు గుట్టల్లో స్తంభాలు పాతించి తీగలు లాగించాడు. తర్వాత నగరానికి బదిలీ అయి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డాడు. హేతువాదివి, ఆ పేరేమిటి, మార్చుకోరాదా అని ఎవరో అంటే, "శివుడు లేడని లింగమూర్తి చెప్తెనే మజా ఉంటది" అన్నాడు. నాకన్నా కొన్నేళ్లు పెద్ద. నాకు వాదించడం నేర్పినవాడు. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం నేర్పాలని కూడా చూశాడు. అది నాకు రాలేదు.

మాకొక అలవాటు ఉండేది. సాయంత్రం ఆయన చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చేవాడు. మాటలు తెగేవి కావు. సాగనంపడానికి నేను ఆయనతో అశోక్‌నగర్ దాకా నడిచేవాణ్ణి. వాళ్ల గేటు దగ్గరికి చేరేసరికి వాదన మంచి పాకంలో ఉండేది. "నడువ్, నిన్ను ఇడిసిపెట్టొస్త" అని ఆయన మళ్లీ నాతో వెనక్కి తిరిగేవాడు. మా గేటు దగ్గరికొచ్చినా ఆగేవాళ్లం కాదు. నారాయణగూడ చౌరస్తా దాకా పోయి ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లం. నారాయణగూడ ఆయన ఇంటికి పూర్తిగా ఎదురు దిక్కు. అక్కణ్ణుంచి మళ్లీ ఆయన్ని నేను అశోక్‌నగర్‌లో దింపాలి. ఎవరు ఎవరిని సాగనంపుతున్నామో మాకే తెలిసేది కాదు. ఈ వీధుల్లో మాటకారులందరికీ ఈ జబ్బు కొద్దో గొప్పో ఉండేది. మాకు ముదిరిపోయింది.

ఆయన భార్య శకుంతల వదిన లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. గేటు దాకా వచ్చి మళ్లీ వెనక్కి తిరిగే మమ్మల్ని వరండాలోంచి చూస్తూ, "మీరిద్దరే పెండ్లి చేసుకోవాల్సిండె. నడిమిట్ల నేనెందుకు, అన్నం సల్లగ చేస్కుంట కూసునేటందుకా" అనేది.

ఆయన గుండెపోటుతో పోయాడు. కోరుకున్నట్టే దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇచ్చాం. పిండాలు లేవు, పదకొండో రోజు లేదు. మాట్లాడదలచినవాళ్లు మాట్లాడారు, ఏడవదలచినవాళ్లు ఏడ్చారు. కర్మ చేయలేదు కాబట్టే తర్వాతది జరిగిందని ఎవరైనా అనబోతే ఒక్క సంగతి గుర్తుచేస్తాను. కర్మలన్నీ పద్ధతిగా చేయించుకున్నవాళ్ల ఇళ్లలోనే దయ్యాల కథలు ఎక్కువగా వినిపిస్తాయి.

ఆయన పోయాక వదిన పొద్దున పూట ఇందిరా పార్కులో నడవడం మొదలుపెట్టింది. అక్కడ కొందరు ఆడవాళ్లు ఒక బృందంగా ఏర్పడి నెలకోసారి గుట్టలెక్కడానికి పోయేవాళ్లు. వదిన వాళ్లతో కలిసింది. ముఖంలో కళ వచ్చింది. మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడటం మానేసి రాళ్ల గురించి, పిట్టల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

చిక్కు ఒక్కటే. వదిన లెక్కల్లో తప్పు చేయగా నేను చూడలేదు. దిక్కుల్లో ఒప్పు చేయగా కూడా చూడలేదు. లిఫ్టులోంచి బయటికొస్తే ఎటు తిరగాలో తెలియని మనిషి. నల్లకుంటలో ఉన్న కూతురి ఇంటికి ఇప్పటికీ ఆటో అతనే తోవ చెప్పాలి. మొన్నటి వానాకాలంలో అనంతగిరి గుట్టల్లో పూలు చూస్తూ వెనకబడి ఒక మధ్యాహ్నమంతా తప్పిపోయింది. మేకలు కాసుకునే ఒకామె చూసి రోడ్డు దాకా తెచ్చి వదిలింది.

ఆ సంగతి తెలిసి కూతురు అడ్డం తిరిగింది. పిల్ల పుట్టినప్పుడు లింగమూర్తి అన్న పట్టుబట్టి స్వేచ్ఛ అని పేరు పెట్టాడు. ఆ స్వేచ్ఛే వాళ్లమ్మను ఇక గుట్టల మొహం చూడొద్దంది. ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. చివరికి మధ్యవర్తిగా నన్ను పిలిచారు. ఎక్కడున్నామో చూపించి, వచ్చిన దారిలో వెనక్కి నడిపించే వాచీలుంటాయని, అది చేతికుంటే పంపుతావా అని వదిన అడిగింది.

స్వేచ్ఛ నా వైపు తిరిగింది. "కాకా, నువ్వు పరీక్ష చేసి సరే అంటెనే పోతది. బాపు అయితే గట్టిగ చూస్తుండె. నువ్వు గూడ జర గట్టిగ చూడు."

అలా ఆ బరువు నా మీద పడింది. నేను సరే అంటే వదిన గుట్టలెక్కుతుంది. కాదంటే వరండాలో కూర్చుంటుంది. వాచీ తప్పు చూపిస్తే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు.

నేను పరీక్షలంటే ఇష్టపడేవాణ్ణి. ప్రకటనలు చదవడం మానేసి మూడు వేర్వేరు కంపెనీల వాచీలు పోగేశాను. నల్లది, నచ్చకపోతే వాపసు తీసుకునే ఒప్పందం మీద దుకాణం నుంచి తెచ్చాను. పచ్చ పట్టీది దోమలగూడలో ఉండే, పరుగు పందేలకు పోయే నా పాత విద్యార్థి అరువిచ్చాడు. నారింజ పట్టీది మా పక్కింటాయన కొడుకుది. రోజూ ఒక చేతికి రెండు, ఇంకో చేతికి ఒకటి పెట్టుకుని మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే కూరగాయలామె, "ఏంది సారూ, మూడు దేశాల టైమ్ చూస్తున్నవా" అంది.

ఏం చూశానో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. తెరను వేలితో తాకితే పనిచేసే రకం చెమట చేతులకు మొండికేస్తుంది. గుట్టలెక్కేవాళ్లకు బొత్తాలే మేలు. చార్జింగ్ రోజంతా నిలవాలి, అదీ దారి నమోదు చేస్తూ నిలవాలి. బరువు తక్కువుండాలి. తెర ఎండలో కనబడాలి. మనం నడిచిన దారి తెర మీద సన్నని గీతలా పడుతుంది. ఆ గీతను పట్టుకునే వెనక్కి రావాలి కాబట్టి అన్నిటికన్నా అదే ముఖ్యం. నల్ల వాచీలో వేటగాళ్ల కోసం ఒక ఏర్పాటు కూడా ఉంది. కొట్టిన పిట్ట ఎక్కడ పడిందో ఒక బొత్తాం నొక్కి గుర్తు పెట్టుకోవచ్చు. మన దగ్గర వేట నేరమని, ఇదెందుకని నేను పెదవి విరిస్తే వదిన, "సీతాఫలం చెట్టు గుర్తు పెట్టుకుంట. తప్పేముంది" అంది.

పరీక్షకు మా గేటు నుంచి వదిన గేటు దాకా ఉన్న దారిని ఎంచుకున్నాను. ఆ దారి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. మూడూ బాగానే గీశాయి. స్టీల్ బ్రిడ్జి కిందికి వచ్చినప్పుడు మాత్రం గీత కాస్త పక్కకు ఊగేది. నెత్తి మీద అంత ఇనుముంటే ఆకాశం నుంచి వచ్చే సంకేతం చెదురుతుంది. వింతేమీ లేదు.

తర్వాత వదిన స్వయంగా వాడి చూడాలి. ఒక సాయంత్రం మా ఇంట్లో ఉప్మా తిని, పచ్చ వాచీ పెట్టుకుని, మా గేటు దగ్గర బొత్తాం నొక్కి బయల్దేరింది. ఇల్లు చేరి ఫోన్ చేసింది. మర్నాడు వాచీ తెచ్చి ఇస్తూ, ఆపే బొత్తాం నొక్కడం మరిచిపోయానని, బల్ల మీద పెట్టి పొద్దున చూసుకున్నానని చెప్పింది.

నేను దాన్ని ఫోన్‌కు కలిపి గీత చూశాను.

గీత మా గేటు నుంచి వదిన గేటు దాకా శుభ్రంగా పోయింది. అక్కడ ఆగాలి. ఇంట్లో పెట్టిన వాచీ గీత కదలకుండా ఉండదన్నది నిజమే. గోడల మధ్య సంకేతం సరిగా అందక, దారపు ఉండలా ఒక్క చోటే చుట్టుకుంటుంది. నేను మా ఇంట్లో చూశాను. కానీ ఈ గీత ఉండ చుట్టుకోలేదు. వదిన గేటులోంచి బయటికొచ్చింది. వీధి మలుపులో వీధితోపాటే మలుపు తిరిగింది. మా గేటు దాకా వచ్చింది. మా గేటు దగ్గర ఆగకుండా నారాయణగూడ చౌరస్తాకు పోయింది. అక్కడ ఒక చాయ్ తాగేంత సేపు నిలిచింది. మళ్లీ చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ చేరింది. ఆ తర్వాతే దారపు ఉండ అయింది.

వేగం చూశాను. పెద్ద వయసు మనిషి మాట్లాడుకుంటూ నడిచే వేగం.

ఎవరో వాచీ పట్టుకుని నడిచారన్నది నా మొదటి అనుమానం. కానీ ఆ వాచీ మణికట్టు మీదుంటే గుండె కొట్టుకోవడం కూడా నమోదు చేస్తుంది. వదిన ఇల్లు చేరేదాకా గుండె లెక్క ఉంది. తర్వాత ఖాళీ. జేబులో వేసుకుని నడవొచ్చు కదా అనుకున్నాను. ఇంట్లో వదిన ఒక్కతే. తలుపు గడియ వేసే ఉంది. రాత్రి భోజనం దాకా ఆమె ఆ బల్ల దగ్గరే కూర్చుని పేపరు చదువుకుందట, వాచీ ఇస్తూ తనే చెప్పింది.

ఇంకొకటి ఉంది. స్టీల్ బ్రిడ్జి కడుతున్న రోజుల్లో రోడ్డంతా తవ్వి పోస్తే, నేనూ లింగమూర్తి అన్నా ఒక ఇరుకు సందులోంచి అడ్డంగా పోయేవాళ్లం. ఇప్పుడు ఆ సందు లేదు. అపార్ట్‌మెంటు కట్టి రెండు వైపులా మూసేశారు. గీత తిరుగు దారిలో ఆ అపార్ట్‌మెంటు మధ్యలోంచి పోయింది.

పచ్చ వాచీ చెడిపోయిందని తీర్మానించాను. నాకు కాస్త ఊరట కూడా కలిగింది. వదినకు ఏమీ చెప్పకుండా, నారింజ పట్టీది ఇచ్చి మళ్లీ నడవమన్నాను. ఈసారి కావాలనే ఆపొద్దన్నాను.

అది వేరే కంపెనీది. అయినా గీత బయటికొచ్చింది. మా గేటు దాకా వచ్చి, నారాయణగూడ పోకుండా, వెనక్కి వెళ్లిపోయింది.

ఇక దాచడం నా పద్ధతికే విరుద్ధం. సాక్ష్యం నచ్చలేదని పక్కన పెట్టేవాళ్లను నేను ఎంత తిట్టానో లోకానికి తెలుసు. వదినను పిలిచి రెండు గీతలూ చూపించాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, మొదటి గీత మీద వేలు పెట్టి మెల్లగా నడిపింది. నారాయణగూడ దగ్గర వేలు ఆగింది. తర్వాత రెండో గీత మీద కూడా నడిపింది.

"రెండో దినం వాదన చిన్నగనే అయినట్టుంది" అంది.

నేను సంకేతాల గురించి, ఇనుము గురించి, యంత్రాల లోపాల గురించి గబగబా చెప్పుకుపోయాను. ఆమె విని తల ఊపింది. "నేను గూడ నమ్మను సుధాకర్. ఆయన తోటి ఇన్నేండ్లు కాపురం చేసి దయ్యాలను నమ్మితే నా పరువేముంటది. గని ఒక్కటి. ఉన్నన్నాళ్లు నాతోటి ఒక్క ఫర్లాంగు నడువలే మనిషి. ఇప్పుడు గూడ సూడు, మీ ఇంటికే ఉరుకుతున్నడు." ఈ మాట నవ్వుతూనే అంది. రుక్మిణి మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను పరీక్షలు ఆపలేదు. మా ఇంట్లో మా బల్ల మీద మూడూ పెట్టి చూశాను. దారపు ఉండలు. వదిన ఇంట్లో నేనే కూర్చుని, బల్ల మీది వాచీ మీంచి కళ్లు తిప్పకుండా ఒక సాయంత్రమంతా చూశాను. దారపు ఉండ. మనిషి చూస్తుంటే జరగదు, చూడకపోతే జరుగుతుంది. అచ్చం ఈ మాటే చెప్పుకుని తప్పించుకున్న బాబాలను నేను వేదికల మీద ఏకి పారేశాను. అవతలి పక్షం సాకు నా నోట్లోకి వచ్చి కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది.

నల్లదాన్ని ఒక్కదాన్నే వదిన ఇంట్లో ఒంటరిగా వదిలి చూడలేదు. మిగతా లక్షణాలన్నిటిలో అదే మేలు. దానికీ అదే జబ్బుంటే చేతిలో ఒక్కటీ మిగలదు. ఆ పరీక్ష చేయడానికి బదులు అసలు వాచీయే వద్దనుకున్నాను. గోడల మధ్య ఇంత అబద్ధం చెప్పే యంత్రజాతిని నమ్మి మనిషిని గుట్టల మీదికి ఎలా పంపను? వదినకు స్వేచ్ఛ ఎదుటే ఆ మాట చెప్పాను. ఆ గీతల సంగతి మాత్రం ఎత్తలేదు, నమ్మకంగా లేదన్నాను అంతే.

వదిన అక్కడే నన్ను పట్టుకుంది.

"నా చేతికున్నంతసేపు అవి ఒక్క అడుగన్న తప్పు చూపించినయా?"

"లేదు" అన్నాను.

"మా గేటు దాక సక్కగ ఉన్నదా లేదా?"

"ఉంది."

"మరి గుట్ట మీద నేను దాన్ని బల్ల మీద పెడ్తనా, చేతికి పెట్టుకుంటనా?"

అది లింగమూర్తి అన్న పద్ధతి. చిన్న చిన్న ఒప్పుకోళ్లు తీసుకుని చివర గొళ్లెం వేయడం. స్వేచ్ఛ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "కాకా, నువ్వు ఓడిపోయినవ్" అంది. నేను సరే అన్నాను. నల్ల వాచీ వదినదైంది.

వానలు వెనకబట్టాక ఆ బృందం మళ్లీ అనంతగిరికే పోయింది. ఈసారి వేరే వైపు నుంచి ఎక్కి, అటే దిగి రావాలని అనుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం నేను భోజనం చేసి వ్యాసం రాసుకుంటుంటే స్వేచ్ఛ ఫోన్ చేసింది.

"కాకా, అమ్మ కనబడ్తలేదంట."

గుట్ట పైన మోకాలు నొప్పని వదిన ఒక బండ మీద కూర్చుందట. మీరు ముందుకు పోయి చూసి రండి, నేను ఇక్కడే ఉంటానందట. వాళ్లు పోగానే మంచు దట్టంగా కమ్మింది. తిరిగొచ్చేసరికి బండ మీద మనిషి లేదు. ఫోన్ కలవడం లేదు. స్వేచ్ఛ ఆఫీసు నుంచి బయల్దేరి వికారాబాద్ దారిలో ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె అనకపోవడమే నాకు భరించరానిదైంది. సరే అన్నది నేను. బండి పట్టుకుని నేనూ పోదామంటే, వెళ్లి ఏం చేస్తావు, ఫోన్ దగ్గర ఉండమని రుక్మిణి ఆపింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. నాకు ప్రార్థించడం రాదు. ఫోన్ పట్టుకుని వీధి వైపు చూస్తూ ఉన్నాను.

కొంతసేపటికి ఫోన్ మోగింది. వదిన గొంతు.

"ఏంది, అందరు పరేషాన్ అయితున్నరంట. నేను బస్సు కాడనే ఉన్న. వీళ్లే ఇంక దిగలే. సీతాఫలాలు దొరికినయి, రుక్మిణికి చెప్పు."

గేటు దగ్గర నుంచే రుక్మిణికి కేక వేశాను.

మర్నాడు వదిన సీతాఫలాల సంచీతో వచ్చింది. జరిగింది అడిగి తెలుసుకున్నాను. బండ మీద కూర్చుని, పక్కనున్న సీతాఫలం చెట్టును వాచీలో గుర్తు పెట్టుకున్నాక, పట్టీ కింద చెమట పట్టి దురద పుడితే వాచీ తీసి పక్కన పెట్టిందట. పులిహోర డబ్బా తెరిచి తింటుంటే మంచు కమ్మింది. ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. చాలాసేపు చూసి, చలికి వణుకు పుట్టి, ఇక దిగుదామని వాచీ తీసి చేతికి పెట్టుకుంది. తెర మీద గీత ఉంది. వచ్చిన దారే కదా అనుకుని దాన్ని పట్టుకుని దిగడం మొదలుపెట్టింది.

"సగం దిగినంక కరెంటు స్తంభాలు కనబడ్డయి. ఎక్కేటప్పుడు స్తంభాలు లేకుండె. అప్పుడు తెలిసింది ఇది వచ్చిన తొవ్వ కాదని. గని గీత పోతనే ఉన్నది. నేను గూడ పోయిన."

స్తంభాల వెంబడే దిగితే, తిన్నగా బస్సు ఆగిన చోటికి చేరింది.

నేను వాచీని ఫోన్‌కు కలిపాను.

బస్సు దగ్గర నుంచి ఒక గీత గుట్టను చుట్టి బండ దాకా ఎక్కింది. అది వాళ్లంతా కలిసి ఎక్కిన దారి. గుండె లెక్క ఉంది. బండ దగ్గర గుండె లెక్క ఆగిపోయింది, వాచీ చేతి నుంచి తీసింది కాబట్టి. అక్కడి నుంచి గీత ఇంకో వైపు దిగింది. స్తంభాల వెంబడి బస్సు దాకా పోయింది. బస్సు దగ్గర ఆగలేదు. అదే దారిలో వెనక్కి తిరిగి, బండ దాకా ఎక్కి వచ్చింది. ఆ రాకపోకలు రెండింటిలోనూ గుండె లేదు. మళ్లీ బండ నుంచి కిందికి రెండోసారి దిగింది. ఈసారి గుండె ఉంది. వదినది.

ముందు పోయి దారి చూసి, వెనక్కి వచ్చి, తోడుగా దిగినట్టుంది ఆ గీత. ఈ వాక్యం రాయడానికి నాకు ఇష్టం లేదు. గీత అలాగే ఉంది కాబట్టి రాస్తున్నాను.

వాచీ కంపెనీకి అన్నీ వివరంగా రాశాను. లోపలి ప్రోగ్రాం కొత్తది వేసుకోమని జవాబు వచ్చింది. పచ్చ వాచీ ఇచ్చిన నా పాత విద్యార్థి కంప్యూటర్ తెలిసినవాడు. గీతలన్నీ చూసి, సంకేతం తప్పితే ఇంతంత దూరం గెంతుతుంది గానీ దారి వెంబడి మలుపులు తిరుగుతూ నడవదు సార్, అన్నాడు. పాత గీతలేవో కొత్తవాటిలో కలిసిపోయి ఉండొచ్చా అని అడిగాను. లింగమూర్తి అన్న ఏనాడూ ఇలాంటి వాచీ పెట్టుకోలేదు, మామూలు వాచీ కూడా పెట్టుకోలేదు. కలవడానికి పాత గీతలే లేవు. అదే బండ దగ్గరికి నేను ఎండ కాసే రోజున పోయి, అదే వాచీని అక్కడే పెట్టి, దూరంగా పోయి కూర్చున్నాను. దారపు ఉండ తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాత వదిన ఇంట్లో బల్ల మీద కూడా ఏ గీతా గేటు దాటలేదు.

ఆ స్తంభాలు ఎవరు వేయించారో కనుక్కోగలను. కనుక్కోలేదు. ఆయన వేయించినవే అని తేలినా దానివల్ల ఏదీ రుజువు కాదు. ఆయనవి కావని తేలితే మాత్రం వదినకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

వదినకు గుట్ట మీది గీతలన్నీ చూపించాను. మారాం చేసే పిల్లవాణ్ణి చూసినట్టు ఆ ఫోన్‌ను చూసింది. "దయ్యమై వస్తే ముందుగల నీతోటి వాదన పెట్టుకుంటుండె. గట్ల రాలే కదా. అందుకే దయ్యం కాదు." ఫోన్ నాకిచ్చి, "గని ఎవరైతే ఏంది, బస్సు దాక నడిచినం" అంది. నడిచినం అంది, నడిచిన అనలేదు. నేను సరిదిద్దలేదు.

వాచీ దారి చూపించిందని మాత్రమే స్వేచ్ఛకు చెప్పాం. అందులో అబద్ధం లేదు. వదిన ఇప్పుడు నెలనెలా పోతోంది. ఆ బండ దగ్గర సీతాఫలం చెట్టు గుర్తు వాచీలో ఇంకా ఉంది.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ నమ్మను. నమ్మకపోవడానికి నా దగ్గర కారణాలున్నాయి. ఈ గీతలకు నా దగ్గర కారణం లేదు. తెలియనిదాన్ని తెలియదనడమే మా పద్ధతి. అది ఇంత కష్టమని ఇన్నేళ్లూ ఇతరులకు చెబుతున్నప్పుడు తెలియలేదు.

సాయంత్రం వదిన మా ఇంటికి వస్తే, ఇప్పుడు నేను అశోక్‌నగర్ దాకా వెళ్లి దింపుతున్నాను. అక్కణ్ణుంచి ఒక్కణ్ణే తిరిగొస్తాను. స్టీల్ బ్రిడ్జి కింద కాస్త మెల్లగా నడుస్తాను. ఒక్కోసారి మా గేటు దాటి నారాయణగూడ దాకా పోయి చాయ్ తాగి వస్తాను. అన్ని మైళ్లు తిరుగుతావు, నువ్వూ అలాంటి వాచీ ఒకటి కొనుక్కోరాదా అని రుక్మిణి అంటుంది. ఆ చిన్న తెర నా కళ్లకు ఆనదని చెబుతాను. అది నిజమైన కారణం కాదని ఆమెకూ తెలుసు. ఇంటికొచ్చి చూసుకుంటే నా గీత పక్కన ఇంకో గీత ఉంటుందని నా భయమా, ఉండదని నా భయమా, అది నాకే తెలియదు.